ఎవరి ఒంటి మీద ఈ పచ్చదనం?

ఒసాము తెజుకా ‘దొరోరో’ ఒక బేరంతో మొదలవుతుంది. యుద్ధాలతో అట్టుడుకుతున్న జపాన్‌లో దైగో కగెమిత్సు అనే సమురాయ్ ఒక గుడిలోకి వెళ్తాడు. అక్కడ 48 దయ్యాల బొమ్మలుంటాయి. నాకు రాజ్యం కావాలి, బదులుగా పుట్టబోయే నా కొడుకు ఒంట్లోంచి తలా ఒక ముక్క తీసుకోండి అంటాడు. కొడుకు పుడతాడు. కళ్ళు లేవు, చెవులు లేవు, చేతులూ కాళ్ళూ లేవు. ఆ ముద్దని ఒక చెక్కతొట్టిలో పెట్టి ఏట్లో వదిలేస్తారు. జుకాయి అనే వైద్యుడికి దొరుకుతాడు. ఆయన కట్టెతో చేతులూ కాళ్ళూ చేసి తగిలిస్తాడు, ఆ చేతుల లోపల కత్తులు అమరుస్తాడు. పిల్లాడు పెరిగి హ్యక్కిమారు అవుతాడు. ఒక్కో దయ్యాన్ని చంపినప్పుడల్లా ఒక్కో అవయవం తిరిగొస్తుంది. దారిలో దొరోరో అనే దొంగపిల్ల తోడవుతుంది. దొంగని జపనీస్‌లో ‘దొరోబో’ అంటారు, ఆ మాటని పసిపిల్లలు ముద్దుగా పలికితే దొరోరో.

ఏట్లో వదిలేసిన బిడ్డ అనగానే మనకి కర్ణుడు గుర్తొస్తాడు. జపాన్ వాళ్ళకి ఇంకా దగ్గరి కథ ఒకటుంది. ‘కొజికి’ పురాణంలో ఇజనాగి, ఇజనామి దంపతులకి ఎముకల్లేని బిడ్డ పుడతాడు. పేరు హిరుకో, అంటే జలగబిడ్డ. రెల్లు పడవలో పెట్టి నీళ్ళలో వదిలేస్తారు. తర్వాతి కాలంలో ఆ బిడ్డే ఎబిసు దేవుడయ్యాడని నమ్మారు. ఎబిసు ఎవరంటే, చేపలు పట్టేవాళ్ళకీ వ్యాపారులకీ సిరులిచ్చే దేవుడు. తల్లిదండ్రులు వద్దనుకున్న ఒళ్ళే ఊరి సిరికి మూలమైందన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

2019లో మప్పా, తెజుకా ప్రొడక్షన్స్ కలిసి ఈ కథని 24 ఎపిసోడ్ల అనిమేగా తీశాయి. దర్శకుడు కజుహిరో ఫురుహషి, ‘రురోని కెన్షిన్’ తీసినాయన. కథ అల్లింది యసుకో కొబయషి. మాంగాని చాలా ఏళ్ళుగా చదువుతున్నవాడిగా నాకు ఇందులో నచ్చని మార్పులు బోలెడున్నాయి, వాటి దగ్గరికి వస్తాను. కానీ వాళ్ళు చేసిన ఒకే ఒక్క మార్పు కథ వెన్నెముకనే తిప్పేసింది. దాని గురించే ఈ వ్యాసం.

మాంగాలో దైగోకి కావలసింది అధికారం. వాడి ఆశ వాడిది, దానికి కొడుకుని అమ్మేశాడు. చదివేవాళ్ళకి వాడి మీద అసహ్యం వేయడానికి ఒక పేజీ చాలు. అనిమేలో దైగో నేల కరువుతో, రోగాలతో, పొరుగువాళ్ళ దాడులతో చచ్చిపోతూ ఉంటుంది. బేరం కుదరగానే వాన పడుతుంది. పంటలు పండుతాయి. పదహారేళ్ళ పాటు ఆ నేల మీద జనం తిన్నారు, బతికారు, పిల్లల్ని కన్నారు. ఇప్పుడు హ్యక్కిమారు ఒక దయ్యాన్ని చంపి తన కాలో చెవో తిరిగి తెచ్చుకున్నప్పుడల్లా ఆ నేలలో ఎక్కడో ఒక చోట పైరు మాడిపోతుంది, రోగం మొదలవుతుంది.

అంటే దయ్యాలు మాట తప్పలేదు. బేరం నిజంగానే పనిచేసింది. నన్ను పట్టుకున్నది ఈ ముక్కే.

ఇది ఎంత పెద్ద మార్పో తెలియాలంటే అసలు మాంగా ఏ రోజుల్లో వచ్చిందో చూడాలి. ‘దొరోరో’ 1967 ఆగస్టు చివర్లో ‘షోనెన్ సండే’ వారపత్రికలో మొదలైంది, 1968 జూలైలో అర్ధంతరంగా ఆగిపోయింది. తర్వాత 1969లో ఇంకో పత్రికలో తెజుకా ఏదో ఒక రకంగా ముగించాడు. అప్పటికి ఆయన స్థితి అంత బాగాలేదు. 1963 జనవరి 1న ‘ఆస్ట్రో బాయ్’ని టీవీలోకి తెచ్చి జపాన్ టీవీ అనిమేకి దారి వేసినాయనే, అరవైల చివరికి వచ్చేసరికి పాత తరం మనిషిలా కనబడసాగాడు. గెకిగా అనే కొత్త రకం బొమ్మల కథలు, నల్లగా, కరుకుగా, పెద్ద పిల్లలకీ కుర్రాళ్ళకీ నచ్చేవి, పత్రికల్ని ఆక్రమించాయి. ఇంకోపక్క షిగెరు మిజుకి ‘కితారో’ కథలతో దయ్యాల మోజు దేశమంతా పాకింది, 1968 జనవరిలో అది టీవీకి కూడా ఎక్కింది. ఆ ఊపులోనే తెజుకా కూడా దయ్యాల కథ ఎత్తుకున్నాడు. పోటీ తత్వంలో ఆయన చిన్నపిల్లాడి లాంటివాడు, ఎవరి కథ ఆడుతుంటే ఆ రకం కథ తనూ రాసి చూపించాలి.

అయితే మిజుకి గురించి ఒక మాట. ఆయనకి ఎడమ చెయ్యి లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో రబౌల్ దగ్గర బాంబు దాడిలో పోయింది. జపాన్‌కి దయ్యాల్ని మళ్ళీ పరిచయం చేసినాయన ఒంటిచేత్తో బొమ్మలు గీశాడు. తెజుకా కథలోని చేతుల్లేని కుర్రాడికీ దీనికీ సంబంధం ఉందని నేననడం లేదు. ఆ తరం వాళ్ళకి తెగిపోయిన ఒళ్ళు అనేది కల్పన కాదు, అంతే.

వాళ్ళకి అది వీధిలో దృశ్యం. యుద్ధం అయ్యాక ఏళ్ళ తరబడి, అరవైల్లో కూడా, స్టేషన్ల ముందూ గుళ్ళ ముందూ తెల్ల బట్టల్లో మాజీ సైనికులు కూర్చునేవాళ్ళు. కాలు లేనివాళ్ళు, చేతికి బదులు కొక్కెం ఉన్నవాళ్ళు. అకార్డియన్ వాయిస్తూ డబ్బులడిగేవాళ్ళు. ఇక పిల్లలు. 1948లో ప్రభుత్వం లెక్కిస్తే అనాథలు 1,23,000కు పైగా తేలారు. యుద్ధం ముగిసిన కొత్తలో టోక్యో ఉయెనో స్టేషన్ కింది సొరంగదారిలో పడుకుని, దొంగతనాలు చేసి, బూట్లు తుడిచి బతికిన పిల్లలు వీళ్ళే. చెక్క చేతుల కుర్రాడు, దొంగతనం చేసి బతికే పిల్ల కలిసి కాలిపోయిన ఊళ్ళ మీదుగా నడుస్తుంటే 1967లో చదివిన పిల్లలకి అది పదిహేనో శతాబ్దం. వాళ్ళ అమ్మానాన్నలకి మాత్రం నిన్నమొన్నటి సంగతి. తెజుకా కూడా 1945లో ఒసాకా మీద బాంబులు కురుస్తున్నప్పుడు అక్కడే ఉన్నాడు, ఆయుధ కర్మాగారంలో పనికి పంపిన విద్యార్థిగా. తర్వాత వైద్యం చదివి పట్టా కూడా పుచ్చుకున్నాడు. ముక్కల నుంచి మనిషిని తయారుచెయ్యడం అనే ఊహ ఆయన్ని వదల్లేదు. 1973లో మొదలైన ‘బ్లాక్ జాక్’లో పినోకో అనే పిల్లని డాక్టరు అచ్చం అలాగే తయారుచేస్తాడు.

కాబట్టి మాంగాలో బేరం అంటే యుద్ధం. పెద్దవాళ్ళు పదవి కోసం పిల్లల ఒళ్ళు అమ్మేశారు. అందులో ఎవరిది తప్పన్న ప్రశ్నే లేదు. 1945 తర్వాత జపాన్‌లో సామాన్యులు యుద్ధం గురించి చెప్పుకున్న కథ కూడా దాదాపు ఇదే: సైనికాధికారులు దేశాన్ని ముంచారు, జనం మోసపోయారు. తెజుకా పక్షం స్పష్టం. ఆయన రైతుల వైపు. బాన్‌మోన్ అధ్యాయంలో ఊరిని రెండుగా చీల్చిన గోడ, ఆ గోడకి అటూ ఇటూ విడిపోయిన కుటుంబాలు ఉంటాయి. 1961లో లేచిన బెర్లిన్ గోడా, రెండుగా చీలిన కొరియా గుర్తురాకుండా దాన్ని చదవడం కష్టం. కథ చివర రైతులు తిరగబడతారు. ఇదీ గాల్లోంచి ఊడిపడలేదు. 1488లో కగా ప్రాంతంలో రైతులూ బౌద్ధ సన్యాసులూ కలిసి తమ ప్రభువుని కూలదోసి దాదాపు వందేళ్ళు ఆ నేలని తామే ఏలుకున్నారు.

కానీ 1967లో ఇంకో బేరం కూడా నడుస్తోంది. ‘దొరోరో’ మొదలైన కొద్ది రోజులకే, సెప్టెంబరులో, యొక్కాయిచి పెట్రోకెమికల్ పొగకి ఊపిరి ఆడక రోగాలపాలైనవాళ్ళు కంపెనీల మీద కోర్టుకెక్కారు. ‘దొరోరో’ ఆగిపోయిన రెండు నెలలకి, 1968 సెప్టెంబరులో, మినమాట రోగానికి కారణం చిస్సో ఫ్యాక్టరీ వదిలిన పాదరసమేనని ప్రభుత్వం మొదటిసారి ఒప్పుకుంది. ఆ రోగం బయటపడింది 1956లో. పన్నెండేళ్ళు పట్టింది ఒప్పుకోవడానికి. తల్లి గర్భంలోనే ఆ విషం తగిలి, కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేకుండా పుట్టిన పిల్లలున్నారు అక్కడ. అదే 1968లో జపాన్ పశ్చిమ జర్మనీని దాటి పెట్టుబడిదారీ దేశాల్లో రెండో పెద్ద ఆర్థిక శక్తి అయ్యింది.

ఈ బేరంలో లాభం ఒక్క దైగోకే పోలేదు. ప్లాస్టిక్ బకెట్ కొన్న ప్రతి ఇంటికీ కాస్త పోయింది. మినమాట ఊళ్ళోనే ఎంతోమంది జీతాలు ఆ ఫ్యాక్టరీవి. రోగులు నోరెత్తితే ఫ్యాక్టరీ మూతపడుతుందని పక్కింటివాళ్ళే వాళ్ళని వెలివేశారు. తెజుకా కథలో దీనికి చోటు లేదు. ఆయన చూపు ఇంకా యుద్ధం మీదే ఉంది, ఉండడంలో తప్పులేదు. 2019 వాళ్ళు కథని తీసుకొచ్చి ఈ రెండో బేరంలో నిలబెట్టారు. వాళ్ళు మినమాటనో, టోక్యోకి కరెంటు పంపుతూ 2011లో పేలిన ఫుకుషిమానో మనసులో పెట్టుకుని రాశారని నేను చెప్పను. చూస్తున్నంతసేపూ నాకు అవే కనబడ్డాయి.

అందుకే అనిమేలో అసలు పాత్ర హ్యక్కిమారు తమ్ముడు తహోమారు. మాంగాలో అతను వచ్చి, కత్తి దూసి, చచ్చిపోయే రాకుమారుడు. ఇక్కడ మంచివాడు. ఊళ్ళు తిరుగుతాడు, జనం కష్టాలు వింటాడు, వాళ్ళ కోసం ప్రాణాలకి తెగిస్తాడు. తనకో అన్న ఉన్నాడనీ, ఈ పచ్చని పొలాలన్నీ ఆ అన్న ఒంటి మీద మొలిచాయనీ తెలిసినప్పుడు తల్లిదండ్రుల మీద మండిపడతాడు. ఆ తర్వాత, చాలా మంచి కారణాలతో, అన్నని చంపాలని నిర్ణయించుకుంటాడు. ఒక్కడి కోసం వేలమందిని చావనివ్వాలా అని అడుగుతాడు. ఈ ప్రశ్నకి జవాబు మనకి తెలుసుననుకుంటాం, అతను అడిగేదాకా. తల్లి నుయి మధ్యలో నలిగిపోతుంది. నిన్ను కాపాడలేను, మమ్మల్ని కాపాడింది నువ్వే అని కొడుకు ముందు ఒప్పుకోవడం తప్ప ఆమె చేతిలో ఏమీ లేదు.

తెలుగువాళ్ళకి ఇక్కడ ‘ముసలమ్మ మరణము’ తట్టకుండా ఉండదు. అనంతపురం వైపు బుక్కరాయసముద్రం చెరువు గట్టు తెగబోతుంటే, ఇంటి చిన్నకోడలు ముసలమ్మ గండిలోకి నడిచి ఊరిని కాపాడిన కథని కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం చేశాడు. ముసలమ్మ ఒప్పుకుంది, కనీసం కథ అలా చెబుతుంది. ఒప్పుకుంది కాబట్టే ఊరు ఆమెకి దణ్ణం పెట్టగలిగింది. హ్యక్కిమారుని ఎవరూ అడగలేదు. అడగడానికి అతనికి చెవులే లేవు.

ఈ చెవుల దగ్గరే నాకు అనిమే మీద ఫిర్యాదూ ఉంది, మెచ్చుకోలూ ఉంది. మాంగాలో హ్యక్కిమారుకి నోరు లేకపోయినా మనసుతో మాట్లాడతాడు, ఎదుటివాళ్ళ మాటలు మనసుతోనే వింటాడు. వాగుడుకాయ. దొరోరోతో తగువులాడతాడు, ఏడిపిస్తాడు, వెటకారమాడతాడు. తెజుకా పేజీల్లో ఘోరం జరుగుతున్నప్పుడు కూడా మూలన ఒక వెకిలి జోకు ఉంటుంది. పదిహేనో శతాబ్దపు మనుషులు ఉన్నట్టుండి ఈ కాలపు మాటలు మాట్లాడేస్తారు. అనిమే ఆ నవ్వునంతా ఊడ్చేసింది. బూడిదరంగు, గోధుమరంగు, వాన, మౌనం. గంభీరంగా ఉంటేనే పెద్దవాళ్ళ కథ అనుకోవడం మన కాలపు జబ్బు. తెజుకాకి ఆ జబ్బు లేదు. నవ్విస్తూనే పిల్లల్ని చంపగలడు ఆయన, అది ఇంకా భయం. 48 దయ్యాల్ని 12కి కుదించడం సరే, 24 ఎపిసోడ్లకి అదే ఎక్కువ. నవ్వుని కుదించనక్కర్లేదు.

మరి మెచ్చుకోలు ఏంటంటే, కొత్త హ్యక్కిమారుకి మొదట్లో ఏమీ లేదు. చూపు లేదు, వినికిడి లేదు, మాట లేదు, ఆఖరికి నొప్పి కూడా తెలియదు. ఎదుటి మనిషి ప్రాణం ఏ రంగులో వెలుగుతోందో అదొక్కటే కనబడుతుంది. నాలుగో ఎపిసోడ్లో చెవులు వస్తాయి. శాపం పట్టిన కత్తిని వదల్లేక చంపుకుంటూ పోతున్న ఒక సైనికుడిని హ్యక్కిమారు చంపుతాడు. ఆ సైనికుడి చెల్లెలు అన్న శవం మీద పడి ఏడుస్తుంది. హ్యక్కిమారు పుట్టాక విన్న మొదటి చప్పుడు అది, తన చేతిలో చచ్చినవాడి కోసం ఒక ఆడపిల్ల ఏడుపు. తర్వాత లోకంలోని చప్పుళ్ళన్నీ అతని మీద పడతాయి, వాన, పురుగులు, మనుషులు. చెవులు మూసుకోవడం కూడా కొత్తే. యుద్ధ అనాథల్ని సాకుతున్న మియో అనే అమ్మాయి పాడితే తప్ప ఊరట లేదు. ఆ అమ్మాయి రాత్రుళ్ళు సైనికుల శిబిరానికి వెళ్ళి ఏం అమ్ముకుని పిల్లలకి తిండి తెస్తుందో అనిమే దాచకుండా చెబుతుంది. మియోని, పిల్లల్ని సైనికులు చంపేస్తారు. హ్యక్కిమారు నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఆమె పేరు.

మాంగాలో అవయవం తిరిగి రావడం బహుమతి. పిల్లలు లెక్క పెట్టుకునేవాళ్ళు, ఇంకెన్ని మిగిలాయని. అనిమేలో ప్రతి అవయవమూ ఒక కొత్త బాధ, పైగా ఎక్కడో ఎవరిదో పంట. ఈ రెండు పనులూ ఒకే దెబ్బకి చెయ్యడం చాలా తెలివైన రచన. కొబయషికి నా దణ్ణం.

ఇవి కాక 1969లో తెజుకా సొంత స్టూడియో ముషి ప్రొడక్షన్ తీసిన 26 ఎపిసోడ్ల పాత అనిమే ఒకటుంది. దర్శకుడు గిసబురో సుగీ, సంగీతం ఇసావో తొమితా. పైలట్ రంగుల్లో తీసి, సిరీస్ మాత్రం నలుపు తెలుపుల్లో తీశారు. సగంలో పేరు ‘దొరోరో, హ్యక్కిమారు’ అని మార్చారు. కల్పిస్ అనే పాల పానీయం కంపెనీ దానికి స్పాన్సరు. తర్వాత కొన్నేళ్ళకి ‘హైదీ’ వచ్చింది కూడా ఆ ఆదివారం సాయంత్రపు స్లాటులోనే. కొండల్లో మేకలు కాసుకునే పిల్ల కంటే ముందు అదే చోట ఈ నరుకుడు కథ నడిచిందంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. 2007లో సినిమా కూడా వచ్చింది. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు.

మన దేశంలో తెజుకా అంటే ఎక్కువమందికి ‘బుద్ధ’ గుర్తొస్తుంది, హార్పర్ కాలిన్స్ ఇక్కడే అచ్చేసింది కాబట్టి. ‘దొరోరో’ని వర్టికల్ సంస్థ 2008లో మూడు సంపుటాలుగా ఇంగ్లిష్‌లో తెచ్చింది, 2009లో దానికి ఐస్నర్ అవార్డు వచ్చింది. నేను చదివింది అదే. మూడో సంపుటం చివరికొచ్చేసరికి ఎవరికైనా అనుమానం వస్తుంది, పేజీలు చిరిగిపోయాయేమోనని. కథ అంత హఠాత్తుగా ముగుస్తుంది. దొరోరో ఆడపిల్లని హ్యక్కిమారు బయటపెడతాడు, తన కత్తి ఇచ్చి రైతులతో ఉండిపొమ్మంటాడు, వెళ్ళిపోతాడు. చంపాల్సిన దయ్యాలు ఇంకా ఎన్నో మిగిలే ఉన్నాయి. కొత్త అనిమే దొరోరో ఆడపిల్లన్న సంగతి సగానికి ముందే చెప్పేసి, దాన్ని పెద్ద రహస్యం చెయ్యకపోవడం నాకు నచ్చింది.

ఇక అనిమే ముగింపు. దైగో కోట తగలబడుతూ ఉంటుంది. లోపల అన్నదమ్ములు కొట్టుకుంటారు. అప్పటికి అన్న కళ్ళు తమ్ముడి మొహంలో ఉన్నాయి, దయ్యం తెచ్చి పెట్టింది. చివరికి తహోమారు వాటిని తిరిగి ఇచ్చేస్తాడు. తల్లి, జుకాయి, తహోమారు ఆ మంటల్లోనే ఉండిపోతారు. హ్యక్కిమారు బయటికొచ్చి తండ్రిని వెతుక్కుంటూ వెళ్ళి, చంపకుండా వదిలేస్తాడు. బొమ్మగా ఈ ఎపిసోడ్ అద్భుతం. మధ్యలో వచ్చిన పదిహేనో ఎపిసోడ్‌ని ఒసాము కొబయషి తన మొరటు గీతల్లో తీస్తే అభిమానులు గగ్గోలు పెట్టారు గానీ, నాకు అదీ ఇష్టమే.

నా గొడవ బొమ్మతో కాదు, ప్రశ్నతో. తహోమారు అడిగినదానికి జవాబేది? హ్యక్కిమారు ఒళ్ళు మొత్తం తిరిగొచ్చింది. అంటే బేరం రద్దయింది. మరి ఆ నేల మీది జనం? కరువు? ఇక్కడ కథ గబగబా ఒక దారి చూపిస్తుంది. దొరోరో తండ్రి, పాత తిరుగుబాటు దొంగ, దాచిపెట్టిన డబ్బుంది. ఆ డబ్బుతో సమురాయ్‌ల మీద ఆధారపడకుండా మన ఊరు మనమే నిలబెట్టుకుందాం అని ఊరివాళ్ళు అనుకుంటారు. ఆలోచన మంచిదే, తెజుకా రైతులకి కూడా నచ్చేది. కానీ డబ్బు వానని తేగలదా? పదహారేళ్ళ పంట ఎక్కణ్ణించి వచ్చిందో ఇరవై మూడు ఎపిసోడ్లు కళ్ళకి కట్టినట్టు చూపించి, ఆ లెక్క తేల్చకుండా ఒక మూటతో మూసెయ్యడం నాకు మింగుడుపడలేదు. దైగోకి క్షమ దొరికింది. ఆ అన్నం తిన్నవాళ్ళకి మాత్రం తాము ఏం తిన్నామో ఎదురుగా నిలబడి చూసుకునే సీను ఒక్కటి కూడా దొరకలేదు. హ్యక్కిమారు వాళ్ళ వీధిలో నడుచుకుంటూ వెళ్ళి ఉంటే చాలు, అతని కొత్త కళ్ళు వాళ్ళని చూసి ఉంటే చాలు.

ఎబిసు కథకి ఉన్న తెలివి ఇందులో తక్కువైంది. పారేసిన బిడ్డని దేవుణ్ణి చేసి మొక్కుకోవడం మోసమే కావచ్చు, కానీ ఆ మొక్కులో బాకీ ఉందన్న ఒప్పుకోలు ఉంది. అనిమేలో నుయి ఒక్కతే దాన్ని మోసింది. బిడ్డ బతకాలని ఆమె మొక్కుకున్న కన్నాన్ దేవత బొమ్మకి తల ఎగిరిపోయింది. తలకాయ లేని ఆ దేవత బొమ్మని కథ పొడవునా ఎవరో ఒకరు చేతిలో పట్టుకుని తిరుగుతూనే ఉంటారు.

చివరి షాట్‌లో పెద్దదైన దొరోరో ఎవరినో చూసి పరిగెడుతుంది. అటువైపు హ్యక్కిమారు నిలబడి ఉంటాడు, రెండు చేతులూ రెండు కళ్ళూ ఉన్న మామూలు మనిషిగా. మాంగాలో అతన్ని మళ్ళీ ఎవరూ చూడలేదు. 48లో తిరిగి రావలసిన ముక్కలు అప్పటికింకా చాలానే ఉన్నాయి.